ప్రేమ్ తిన్సులానోంద (1920–2019)

థాయిలాండు సేనాధిపతి, మంత్రి, అటుపిమ్మట ప్రధానమంత్రి. 1932 నాటి విప్లవము మొదలుకొని ఆ దేశమున సేనానులు రాజ్యభారము వహించుట వింత గాకపోయినను, వారిలో పెక్కండ్రు సైనికబలముచే అధికారము నాక్రమింపగా, ఈతడు పార్లమెంటు సమ్మతితోనే ప్రధానియై, ఒక్కమారైనను తాను ఎన్నికలలో నిలువకయే యెనిమిదేండ్లు ఆ పదవియం దుండెను.

దక్షిణతీరమందలి సోంగ్ఖ్లాలో జన్మించి, 1941లో ఫ్రెంచి ఇండోచైనాతో జరిగిన సరిహద్దు పోరునను, పిదప ద్వితీయ ప్రపంచసంగ్రామమున బర్మాలోని షాన్ సీమయందును పనిచేసిన ప్రేమ్, అశ్వికదళమున క్రమముగా ఉన్నతపదవుల నందుకొని, 1974లో ఈశాన్యమందలి ద్వితీయ సైన్యమండలమునకు అధిపతి యయ్యెను. నిరుపేద రైతుల నిలయమైన ఆ ఇసాన్ ప్రాంతమున కమ్యూనిస్టు తిరుగుబాటును కేవలము ఆయుధబలముచే అణచుట దుష్కరమని గ్రహించుటయే ఈతని తదుపరి రాజనీతికి పునాది.

1977లో ప్రధాని క్రియాంగ్‌సాక్ మంత్రివర్గమున దేశీయాంగ ఉపమంత్రిగా ప్రవేశించి, మరుసటి యేట భూసేనాధ్యక్షుడై, 1979లో రక్షణమంత్రిత్వము సైతము చేపట్టెను. చమురు ధరల పెంపుపై రేగిన ప్రజాగ్రహమునకు తాళలేక క్రియాంగ్‌సాక్ రాజీనామా చేయగా, 1980 మార్చిలో ప్రేమ్ ప్రధాని యయ్యెను. ఆ యేప్రిల్‌లోనే వెలువరించిన 66/2523 సంఖ్యగల ఉత్తరువు సైనికచర్యకంటె రాజకీయ పరిష్కారమునకే ప్రాధాన్యము నొసగెను. లొంగిపోయిన విప్లవకారులకు క్షమాభిక్ష లభించుటచే అడవులలోని యువకులు వేలకొలది ఇండ్లకు మరలిరి. చైనా ఆ తిరుగుబాటుదారులకు తన సహాయమును తగ్గించుటయు ఇందుకు తోడ్పడెననుట విస్మరింపరానిది.

తన సైన్యమే ఈతనికి నిజమైన ప్రతిపక్షము. 1981 ఏప్రిల్‌లో యువ కర్నళ్లు బ్యాంకాకును స్వాధీనపరచుకొనగా, ప్రేమ్ రాజకుటుంబముతో నఖోన్ రాచ్చసీమాకు తరలెను; రాజాదరము ఎవరి పక్షముననున్నదో తేటపడినంతనే ఆ కుట్ర కూలిపోయెను. 1984లో దేశద్రవ్యమగు బాత్ మూల్యమును తగ్గించినపుడు సేనాపతి ఆర్థిత్ కమ్లంగ్-ఎక్ దూరదర్శనమున బాహాటముగ విమర్శింపగా, ప్రేమ్ తొందరపడక, 1986లో నిశ్శబ్దముగ ఆతనిని ఆ పదవినుండి తొలగించెను. 1985 సెప్టెంబరునాటి మరియొక తిరుగుబాటు కొన్ని గంటలలోనే విఫలమయ్యెను.

1988 ఎన్నికల పిదప పక్షములు మరల ఆహ్వానించినను నిరాకరించి, చాతిచాయ్ ప్రధాని యగుటకు త్రోవనిచ్చెను. 1998లో రాజమంత్రాలోచనసభకు అధ్యక్షు డయ్యెను. 2006లో ప్రధాని థాక్సిన్‌ను పదవీచ్యుతుని గావించిన సైనికకుట్రకు ఈతడే సూత్రధారి యని థాక్సిన్ పక్షీయులు నిందింపగా, ఈతడు ఆ నిందను త్రోసిపుచ్చెను. 2016లో భూమిబోల్ రాజు మరణించిన పిదప కొంతకాలము రాజప్రతినిధిగా వ్యవహరించి, అవివాహితుడుగానే 2019 మే 26వ తేదీన దివంగతు డయ్యెను.