మహావృక్షముల నీడలో పూలపొదలు

పెద్దచెట్టు క్రింద పూలపొద నాటుట సులభమైన పనివలె తోచును. నిజమునకది ఒకే నేలను, ఒకే నీటిని రెండు ప్రాణములకు పంచిపెట్టు కార్యము. పంపకమున న్యాయము తప్పినచో పొద ఎండిపోవును; ఒక్కొక్కప్పుడు చెట్టే కూలును.

ఈ సత్యమును మన పూర్వులు ఎరుగుదురు. క్రీ. శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించెను. చెట్టునకును చెట్టునకును నడుమ 20 మూరల ఎడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనిష్ఠమనియు నిర్ణయించెను. వేళ్ళు పెనవేసికొని దగ్గరగా పెరిగిన చెట్లు చక్కగా ఫలింపవని హెచ్చరించెను. గృహిణి తన తోటలో మల్లె, జాజి, నందివర్ధనము, మందారము మొదలగువానిని పెంపవలెనని వాత్స్యాయనుడు చెప్పెను. కాళిదాసుని శకుంతల నవమాలికకు వనజ్యోత్స్న అని పేరిడి, అది మామిడిని అల్లుకొనగా దానిని వివాహముగా భావించి మురిసెను.

ఆధునిక భారతమున ఈ సమస్య ప్రత్యక్షముగా కానవచ్చు నగరము న్యూఢిల్లీ. 1911 డిసెంబరు 12న రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చు ప్రకటన వెలువడెను. 1931 ఫిబ్రవరిలో నూతన నగరము ప్రారంభమయ్యెను. ఈ నిర్మాణకాలమున వీథుల వెంట చెట్లు నాటించుటలో, ఇంగ్లండులోని క్యూ ఉద్యానమున శిక్షణ పొందిన విలియం రాబర్ట్‌సన్ ముస్టో ముఖ్యుడు. వీథి ఏ ఋతువునను బోసిపోకుండ, ఆకు నిలుపుకొను జాతులకు ప్రాధాన్యమీయబడెను. 2022లో కర్తవ్యపథ్‌గా పేరు మారిన రాజపథ్ ప్రక్కల నేరేళ్ళు, జనపథ్‌న తెల్లమద్దులు, అక్బర్ రోడ్డున చింతలు ఆ కాలపు ప్రణాళికను నేటికిని గుర్తుచేయుచున్నవి.

నాటిననాడు అవి లేతమొక్కలు. వాని క్రింద నీడ అను చిక్కే లేదు. దశాబ్దములు గడచి కొమ్మలు విస్తరించినకొలది నేలపై ఎండ తగ్గెను. అట్టి తావున ఎండ కోరు గులాబి ఆకులతోనే కాలము గడపును. నందివర్ధనము, ఉత్తరాదివారు కామిని అని పిలుచు నాగగొలుగు, అడ్డసరము మాత్రము కొంత నీడను ఓర్చుకొనును. దట్టమైన గుబురు క్రింద ఇవియు తక్కువగనే పూయును. కావున గొడుగు అంచున, వెలుగు సోకుచోట నాటుట మేలు.

వెలుగుకంటె పెద్ద చిక్కు వేళ్ళది. చెట్టునకు నీరు, ఆహారము తెచ్చు సన్నని వేళ్ళలో అధికభాగము నేల పైపొరలో, మొదటి ఒకటి రెండు అడుగులలోనే వ్యాపించి యుండును. పొదలకై నేలనంతయు త్రవ్వినచో అవి తెగును. మట్టిని మొదలు చుట్టు ఎత్తుగా పోసినచో వేళ్ళకు గాలి అందదు, బెరడు కుళ్ళును. అందుచే పెద్ద వేళ్ళ నడిమి సందులలో, చిన్న గుంతలు తీసి, చిన్న మొక్కలనే వానకాలపు తొలిదినములలో నాటవలెను. ఆకుగొడుగు వాననీటిని కొంత అడ్డగించుటచే, మొక్క నిలద్రొక్కుకొనువరకు నీరు పోయుట మానరాదు. రాలిన ఆకులను ఊడ్చివేయక అచ్చటనే వదలినచో అవే ఎరువగును.

కొన్నిచోట్ల శోభకొరకు చెట్ల మొదళ్ళు సిమెంటుతో కప్పబడెను. ఢిల్లీలో చెట్టు చుట్టు ఒక మీటరు మేర ఆ కప్పును తొలగింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించెను. వరాహమిహిరుడు వేళ్ళను గూర్చి పడిన చింత ఇట్లు న్యాయపీఠమువరకు వచ్చెను.

ప్రభుత్వ నివాసములలో ఉద్యోగులు బదిలీలపై వచ్చి పోవుదురు. పూజకు పూవులకై ఒకరు నాటిన నందివర్ధనము తరువాత వచ్చిన కుటుంబమునకు పూయును; దానికి నీడనిచ్చు నేరేడు అంతకు ముందెన్నడో మరియొకరు నాటినది. పొద నాటువాడు ఆ పూర్వుని శ్రమకు హాని కలుగకుండ పార పట్టవలెను. పూవు తనదైనను, చెట్టు తనకు అప్పగింపబడినది.