సన్యాసి పీత: కుబుసం విడిచే దశలో సంరక్షణ

కరీబియన్ తీరాల నేల సన్యాసి పీత (సీనోబిటా క్లిపియేటస్) పెరగాలంటే ఒంటిమీది పెంకును విడవక తప్పదు. అందుకు ఇసుకలో పూడుకుని వారాల తరబడి, పెద్దవైతే రెండు నెలలకు పైగా, అక్కడే ఉంటుంది. తొట్టిలో ఇసుక, కోకోపీట్ కలిపి కనీసం 15 సెంటీమీటర్ల మందాన, పిడికిట నొక్కితే ముద్ద నిలిచేంత తడిగా పరచాలి. గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉండాలి. మొప్పలు ఎండితే పీతకు ఊపిరాడదు.

చనిపోయిందేమోనన్న ఆత్రంతో తవ్వి తీయడమే అన్నిటికన్నా పెద్ద హాని. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా, ఏ రక్షణా లేకుండా ఉంటుంది. కుళ్లిన చేప వాసన రానంతవరకు బతికే ఉందనుకోవాలి. విడిచిన పెంకును తీసేయరాదు. దాన్ని తినే పీత కాల్షియం తిరిగి పొందుతుంది. ఇసుకపైనే కుబుసం విడిస్తే తోటి పీతలు దాడిచేస్తాయి, అడ్డు పెట్టాలి. పెరిగిన పీత మారేందుకు కాస్త పెద్దవైన ఖాళీ శంఖాలు కూడా దగ్గరుంచాలి.