అలసిపోయే హక్కు

1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్‌లో అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చినవాడు డొరాండో పియెత్రి అనే ఇటలీ యువకుడు. లోపలికి రాగానే దారి తప్పాడు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి అధికారులే పట్టుకుని గీత దాటించారు. సాయం తీసుకున్నందుకు పతకం పోయింది. కానీ మర్నాడు అలెగ్జాండ్రా రాణి స్వయంగా అతనికి బంగారు పూత వేసిన వెండి కప్పు బహూకరించింది. ఆ రోజు గెలిచిన జానీ హేస్ కంటే, పడిపోయిన పియెత్రికే ఎక్కువ పేరొచ్చింది.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో పాల్గొన్న 9 మందీ పరుగు పూర్తి చేశారు. గీత దాటాక కొందరు నేల మీద వాలిపోయారు. శక్తంతా పెట్టి పరుగెత్తినవాళ్ళు ఎవరైనా చేసేదే అది. కానీ పత్రికల్లో అది హృదయవిదారక దృశ్యమైంది. పరుగెత్తింది 11 మంది అనీ, సగంమంది మధ్యలోనే ఆగిపోయారనీ రాసినవాళ్ళు కూడా ఉన్నారు. ఫలితంగా 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా, అంటే 32 ఏళ్ళపాటు, 200 మీటర్లకు మించిన పరుగు ఒలింపిక్స్‌లో స్త్రీలకు లేకుండా పోయింది.

మగవాడి అలసట వీరగాథ అయింది. స్త్రీ అలసట ఆమె శరీరానికి వ్యతిరేకంగా సాక్ష్యమైంది. స్త్రీల మారథాన్ చరిత్రను వేగాల చరిత్రగానో పతకాల చరిత్రగానో చదవడం మనకు అలవాటు. దాన్ని అలసిపోయే హక్కు కోసం జరిగిన పోరాటంగా చదివితే, పతకాలతో సంబంధం లేని ఒక మామూలు అమ్మాయి కేంద్రంలోకి వస్తుంది.

ఆమె పేరు రాబర్టా గిబ్. బాబీ అని పిలిచేవారు. 1964లో తండ్రితో కలిసి బోస్టన్ మారథాన్ చూసింది. ఆ మనుషుల మధ్య తానూ పరుగెత్తాలనుకుంది. కోచ్ లేడు, ఆడవాళ్ళ కోసం రాసిన శిక్షణ పద్ధతీ లేదు. ఆడవాళ్ళకు పరుగు బూట్లు దొరకని కాలం కాబట్టి నర్సులు వేసుకునే బూట్లతో సాధన చేసింది. ఆ వేసవిలో ఒక వ్యాన్‌లో, కుక్కపిల్లను తోడు తీసుకుని అమెరికా ఒక కొస నుంచి మరో కొసకు వెళ్ళింది. పగలంతా కొండల్లో, మైదానాల్లో పరుగెత్తడం, రాత్రి ఆరుబయట పడుకోవడం. ఎవరికీ నిరూపించాల్సిన అవసరం లేని పరుగు అది.

నిరూపించమన్నది వ్యవస్థే. 1966లో దరఖాస్తు పంపితే, శరీరధర్మరీత్యా స్త్రీలకు అంతదూరం పరుగెత్తే సామర్థ్యం లేదనీ, నిబంధనలు ఒప్పుకోవనీ నిర్వాహకుల నుంచి జవాబు వచ్చింది. అప్పటికి అమెరికాలో స్త్రీలకు అనుమతి ఉన్న అత్యధిక దూరం ఒకటిన్నర మైళ్ళు! మారథాన్ 26 మైళ్ళ పైచిలుకు. గిబ్ శాన్‌డియాగోలో బస్సెక్కి, రోజుల తరబడి ప్రయాణించి పుట్టింటికి చేరింది. తండ్రి ఒప్పుకోలేదు. తల్లి మాత్రం కారులో పరుగు మొదలయ్యే ఊరికి తీసుకెళ్ళి దింపింది.

ఏప్రిల్ 19న సోదరుడి నిక్కరు, తలమీదికి ముసుగున్న చొక్కా వేసుకుని ఆమె పొదల చాటున నిలబడింది. పరుగు మొదలై, సగంమంది దాటాక గుంపులో కలిసింది. వెనకవాళ్ళు ఆడపిల్లని గుర్తుపట్టారు. భయపడినట్టు తరిమేయలేదు సరికదా, ఎవరైనా అడ్డొస్తే తాము చూసుకుంటామన్నారు. ఆ ధైర్యంతో ముసుగు చొక్కా తీసేసింది. దారిలో వెల్స్‌లీ మహిళా కళాశాల విద్యార్థినులు ఆమెను చూసి కేరింతలు కొట్టారు. కొత్త మగపిల్లల బూట్లు పాదాలను కోసేస్తుంటే చివరి మైళ్ళు నెమ్మదిగా నడిపించుకొచ్చి, 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేసింది. మూడింట రెండు వంతుల మగవాళ్ళు ఆమె వెనకే ఉన్నారు. అయినా పరుగు తర్వాత పోటీదారులకు పెట్టే భోజనానికి ఆమెను రానివ్వలేదు.

మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ 261 నంబరుతో పరుగెత్తుతుంటే జాక్ సెంపుల్ అనే అధికారి మీదపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తాను ఆగిపోతే ఆడవాళ్ళకు చేతకాదనే అంటారని ఆ క్షణంలో అనుకున్నట్టు స్విట్జర్ తర్వాత చెప్పింది. మగవాడు మధ్యలో మానేస్తే అది అతని ఒక్కడి ఓటమి. స్త్రీ మానేస్తే అది స్త్రీజాతి ఓటమి. కాళ్ళ నొప్పితోపాటు ఈ బరువునూ మోస్తూ వాళ్ళు పరుగెత్తారు. 1972లో బోస్టన్ స్త్రీలను అధికారికంగా అనుమతించింది. గిబ్ 1966 నుంచి వరుసగా మూడేళ్ళు స్త్రీలలో మొదటి స్థానంలో నిలిచిందని ఒప్పుకోవడానికి మాత్రం 1996 దాకా పట్టింది.

1984 లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ తొలి మహిళా మారథాన్ జరిగింది. జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. ఆ తర్వాత దాదాపు ఇరవై నిమిషాలు గడిచాక స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్, ఎండదెబ్బకు ఒక పక్కకు ఒరిగిపోతూ స్టేడియంలోకి వచ్చింది. ఎవరైనా ముట్టుకుంటే పియెత్రికి పట్టిన గతే పడుతుంది. అందుకని వైద్యులను దగ్గరికి రానీయకుండా, చివరి చుట్టు ఐదు నిమిషాలకు పైగా ఈడ్చుకుంటూ 37వ స్థానంలో గీత దాటి కూలిపోయింది. 1928లో పత్రికలు ఊహించి రాసిన దృశ్యం నిజంగా జరిగింది. కానీ స్త్రీల మారథాన్ రద్దు కాలేదు. 1988 సియోల్‌లోనూ జరిగింది. ఆ ఒక్క స్త్రీ అలసట ఆ ఒక్క స్త్రీదే అయింది. బెనాయిట్ పతకంకన్నా నాకు ఇదే పెద్ద విజయంగా కనిపిస్తుంది.

స్త్రీ శరీరం గురించి ఇంత బెంగపడిన సమాజాలేవీ ఇంటిచాకిరీ దగ్గర ఆ బెంగ చూపించలేదు. మన సాహిత్యంలోనూ అలసిపోయిన స్త్రీలకు కొదవలేదు. వంటింట్లో, పొలంలో, పురిటి మంచం మీద అలసినవాళ్ళు. ఆ అలసటను త్యాగమని కీర్తించాం, లేదా దోపిడీ అని సరిగ్గానే పేరు పెట్టాం. ఇవాళ నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారకముందే మారథాన్‌కి సాధన చేస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. ఇంత పరుగెత్తాక ఇంటిపనికి ఓపికుంటుందా అని అడిగేవాళ్ళు వాళ్ళ చుట్టూ ఇంకా ఉన్నారు. తన కోసం, తన ఇష్టంతో, ఒళ్ళు పులిసేలా అలసిపోయి, ఆ అలసటలో ఆనందం చూసుకునే స్త్రీ మన కథల్లో ఎన్నిచోట్ల ఉంది? ఆమెను వెతకాలి. దొరక్కపోతే మనమే రాయాలి.