పురుగు కుట్టిందా.. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

కొల్లేరు వైపు చెరువు గట్ల మీద గడ్డిలో తిరిగొచ్చారా? పిడుదు పట్టుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా పైకి లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. సబ్బుతో కడిగి, తేదీ ఫోన్‌లో రాసుకోండి. అంతవరకైతే ఆసుపత్రికి పరుగెత్తక్కర్లేదు.

అసలు భయం కంటికి ఆనని చిగ్గర్ పురుగుతోనే. స్క్రబ్ టైఫస్ దానివల్లే వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. 6 నుంచి 21 రోజుల్లోపు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూడండి. మచ్చ లేకపోయినా ఏలూరు సర్వజన ఆసుపత్రికో, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికో వెళ్లాల్సిందే. గడ్డిలో తిరిగిన సంగతి మీరే చెప్పండి, డాక్టర్ అడగకపోవచ్చు. డాక్సీసైక్లిన్ మొదట్లోనే పడితే జ్వరం సాధారణంగా రెండు రోజుల్లో దిగుతుంది. సొంతంగా కొని మింగొద్దు. ఆయాసం, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి.