కావ్యపాఠంలో రాగం

పద్యానికి అర్థం చెప్పడం వేరు, ఆ పద్యం ఏ గొంతుతో పలుకుతున్నదో తెలియజెప్పడం వేరు. "ఎంత మేలు చేసితివి" అన్న వాక్యంలో పదాల అర్థం ఒక్కటే. పలికిన తీరును బట్టి అది కృతజ్ఞత కావచ్చు, ఎత్తిపొడుపు కావచ్చు, నిట్టూర్పు కావచ్చు. మన ఆలంకారికులు ఈ స్వరభేదాన్ని కాకువు అన్నారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంగ్యార్థాన్ని స్ఫురింపజేసే హేతువులలో దీనిని కూడా చేర్చినాడు. విద్యార్థికి ఆలస్యంగా పట్టుబడేది ఈ కాకువే. అది అచ్చుపుటలో కంటికి కానరాదు. దానిని తెలుపడానికి ఈ దేశంలో సంగీతం ఎట్లు తోడ్పడినదో, ఆ తోడు ఎక్కడ తప్పినదో ఇక్కడ విచారింతము.

నాట్యశాస్త్రంలో భరతుడు పాఠ్యాన్ని, అనగా నటుడు పలుకవలసిన వాక్యాన్ని, సంగీత పరిభాషలోనే వివరించినాడు. హాస్య శృంగారాలకు మధ్యమ పంచమాలు, వీర రౌద్రాద్భుతాలకు షడ్జ ఋషభాలు, కరుణకు గాంధార నిషాదాలు, బీభత్స భయానకాలకు ధైవతం అని స్వరాలు పంచిపెట్టినాడు. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని పాఠ్యానికి ఆరు అలంకారాలు చెప్పినాడు. ఆనాటి స్వరవ్యవస్థ నేడు లేదు కనుక ఈ పట్టికను యథాతథంగా ఆచరించలేము. అయినను మాటలోని భావాన్ని చెవితో కొలువవచ్చునన్న మూలసూత్రం చెక్కుచెదరలేదు.

దేశభాషలలో కవిత్వం పుట్టిన తరువాత ఈ సూత్రం గ్రంథాలలోకి వచ్చింది. హరప్రసాద శాస్త్రి 1907లో నేపాళంలో కనుగొని 1916లో ప్రకటించిన చర్యాగీతాలలో పాటల తలకట్టున పటమంజరి, గుర్జరి, భైరవి వంటి రాగనామాలు ఉన్నవి. పన్నెండవ శతాబ్దంలో జయదేవుడు రచించిన గీతగోవిందంలోని ఇరువదినాలుగు గీతాలకు రాగతాళాలు పేర్కొనబడినవి. 1604లో గురు అర్జున్ దేవ్ సంకలనం చేసిన ఆదిగ్రంథంలో అత్యధిక భాగం రాగాలను బట్టియే విభజింపబడినది. కవుల వరుస ఆ తరువాతిది. అందులో బారామాహ్ అనే ద్వాదశ మాస కావ్యాలు రెండున్నవి. గురు నానక్ రచన తుఖారీ రాగంలోను, గురు అర్జున్ రచన మాఝ్ రాగంలోను ఉన్నవి. ఉభయత్రా వస్తువు భగవద్విరహమే. ఒకే వస్తువు రెండు గొంతులలో పలుకుతున్నదని చదువరికి రాగనామమే ముందుగా సూచిస్తుంది.

ఈ తోడు తప్పినది తరగతి గదిలో. పందొమ్మిదవ శతాబ్దంలో అచ్చుయంత్రం కావ్యాన్ని ఊరూరికీ చేర్చింది. ఆ ఉపకారం మరువరానిది. కాని దానితోపాటు వచ్చిన పరీక్షాపద్ధతి ప్రతిపదార్థాన్ని, తాత్పర్యాన్ని మాత్రమే అడిగింది. రాగనామం పుటమీద మిగిలింది, దానిని వినిపించే గొంతు లేకపోయింది. తాళ్లపాక కవుల రాగిరేకుల మీద కూడ రాగాల పేర్లు నిలిచినవి. బాణీలు చాలావరకు నిలువలేదు.

ఈ లోపాన్ని గాఢంగా ఆలోచించినవాడు రవీంద్రనాథ ఠాకూరు. ఆవేశంతో పలికిన మాటకు తనంత తానే స్వరం అబ్బుతుందన్న హెర్బర్ట్ స్పెన్సర్ అభిప్రాయం ఆయనను ఆకర్షించింది. 1881లో వాల్మీకి ప్రతిభ అనే గేయనాటికలో దానిని పరీక్షించినాడు. దొంగల పానగోష్ఠికి ఇంగ్లీషు బాణీలను, వనదేవత విలాపానికి ఒక ఐరిష్ బాణీని వాడినాడు. ఆ యేడే కలకత్తా మెడికల్ కాలేజీ భవనంలో ఉపన్యసిస్తూ, మాటలోని భావాన్ని వికసింపజేయడమే గానానికి పని అని పాటలు పాడి నిరూపింప బూనినాడు. అప్పటికి ఆయనకు ఇంకను ఇరువదేండ్లు నిండలేదు. 1912లో గ్రంథంగా వెలువడిన జీవనస్మృతిలో ఆ అభిప్రాయాన్ని తానే సవరించుకొన్నాడు: గానానికి స్వతంత్రమైన మహిమ ఉన్నది, మాట ఆగినచోట అది మొదలవుతుంది.

1901లో ఆయన స్థాపించిన శాంతినికేతన విద్యాలయంలో పాట నిత్యజీవితంలో భాగమైంది; వర్షాగమనాన్ని, వసంతాన్ని పిల్లలు పాటలతో ఎదుర్కొన్నారు. 1919లో ఆయన మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు, 1911లో కలకత్తాలో తొలిసారి వినిపించిన జనగణమనను స్వయంగా పాడినాడు. అక్కడివారికి వంగభాష పరిచితం కాదు. అయినను పల్లవిని వారు అందుకొన్నారు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చినది. ఆంగ్లానువాదం కూడ అక్కడనే సిద్ధమైంది. ఆ సభలో అర్థంకంటె ముందు గొంతు చేరిందన్నమాట.

ఇట్లని రాగాన్ని భావానికి ముద్రగా కొట్టరాదు. ముఖారి శోకరాగమని ప్రసిద్ధి. త్యాగయ్య శబరి భాగ్యాన్ని ఉప్పొంగుతూ వర్ణించినది ముఖారిలోనే. కనుక ఉపాధ్యాయుడు బాణీని తీర్పుగా కాక సాక్ష్యంగా వాడవలెను. ముందు పద్యాన్ని స్పష్టంగా చదివి, పిదప రెండు భిన్నమైన రాగాలలో వినిపించి, ఏది పొసగలేదని విద్యార్థులనే అడగవలెను. వారు చెప్పిన జవాబుకు ఆధారం మళ్లీ పద్యంలోనే, సంబోధనలో, క్రియలో, సమాసపు బిగువులో, చూపుమనవలెను. అట్లు చూపలేనిచో అది రాగం కలిగించిన భ్రమ. చూపగలిగినచో వారికి కాకువు పట్టుబడినట్లే.

ఈ శిక్షణ లేనివానికి నిందాస్తుతి నిందగానే తోస్తుంది, ప్రణయకోపం కలహంగానే వినబడుతుంది. పదాలన్నీ తెలిసియు కవి మాట వానికి అందదు.