విండ్సర్ సెయింట్ జార్జ్ చాపెల్ అర్చకులు: రాజాశ్రయమూ నిత్యారాధనా

1348లో ఇంగ్లండ్ రాజు మూడవ ఎడ్వర్డ్ విండ్సర్ కోటలో సెయింట్ జార్జ్ పేరిట ఒక అర్చక సంఘాన్ని నెలకొల్పాడు. గార్టర్ వీరుల సంఘం పుట్టిందీ ఆ రోజుల్లోనే. రెండింటి లెక్కా ఒకటే: అక్కడ రాజుతో కలిపి 26 మంది వీరులు, ఇక్కడ 26 మంది అర్చకులు. వీరిలో పెద్ద వార్డెన్; తర్వాతి కాలంలో ఆ పదవికే డీన్ అని పేరు. ఆయన కింద 12 మంది కేనన్లు, 13 మంది వికార్లు. తొలినాళ్ల వార్డెన్లలో ఒకరు విలియం మగ్.

ఈ చాపెల్‌పై బిషప్ అధికారం చెల్లదు. అది నేరుగా రాజుకే జవాబుదారీ. ఆ స్వేచ్ఛే అర్చకుల తలరాతను రాజు తలరాతతో ముడివేసింది. రాజాశ్రయం వల్ల సంఘం నిలిచిన మాట నిజమే. కానీ నిత్యారాధన ఆగకుండా సాగడంలో పేరు ప్రతిష్ఠలు లేని వికార్ల పాత్రే ఎక్కువ.

1352 నాటి నియమావళిలోనే ఈ సంగతి కనిపిస్తుంది. కేనన్‌కు ఏడాదికి దక్కే స్థిర వేతనం 40 షిల్లింగులు. ఆరాధనకు వచ్చిన రోజుకు అదనంగా 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగు; రాకపోతే ఆ సొమ్ము లేదు. నలభై రోజులు హాజరైతే చాలు, ఏడాది జీతమంత చేతికొచ్చేది. అంతటి ఆశ చూపించవలసి వచ్చిందంటే కారణం లేకపోలేదు. కేనన్ పదవి చాలామందికి రాజసేవకు దక్కిన బహుమానం. 1511లో కేనన్ అయిన థామస్ వూల్జీ కొద్ది ఏళ్లకే కార్డినల్, రాజ్యానికి ఛాన్సలర్ అయ్యాడు. అలాంటివారు రాజకార్యాల్లో మునిగి ఉంటే, చాపెల్‌లో పూటపూటా ప్రార్థనలు పాడే బాధ్యత వికార్లదీ గాయకులదీ అయింది.

మత సంస్కరణల వేడి ఈ కింది వరుసకే ఎక్కువ తగిలింది. 1543లో మతద్రోహం నేరం మోపి ఆంథొనీ పియర్సన్ అనే ప్రీస్టునూ, చాపెల్ గాయకుడు రాబర్ట్ టెస్ట్‌వుడ్‌నూ, హెన్రీ ఫిల్మర్ అనే మరొకరినీ విండ్సర్‌లో సజీవ దహనం చేశారు. వారితోపాటే శిక్ష పడిన ఆర్గన్ వాద్యకారుడు జాన్ మార్బెక్ రాజు క్షమాభిక్షతో బతికి బయటపడ్డాడు. 1550లో ఇంగ్లిష్ ప్రార్థనలకు స్వరాలు కూర్చి అచ్చువేసింది ఈ మార్బెక్కే.

పైవరుసలోనూ విచిత్ర జీవితాలున్నాయి. స్ప్లిట్ నగర కాథలిక్ ఆర్చిబిషప్ మార్కో ఆంటోనియో డి డొమినిస్ ఇంగ్లండ్‌కు వచ్చి, మొదటి జేమ్స్ ఆదరణతో విండ్సర్ డీన్ అయ్యాడు. 1622లో మళ్లీ రోమ్ దారి పట్టి, రెండేళ్లకు అక్కడి బందిఖానాలో కన్నుమూశాడు.

అంతర్యుద్ధంలో రాజుతోపాటే అర్చకులూ కూలారు. 1642లో పార్లమెంటు సైనికులు చాపెల్ వెండి సామగ్రిని దోచుకున్నారు. మరుసటి ఏడాది కేనన్లను వెళ్లగొట్టారు. 1649 ఫిబ్రవరిలో మొదటి చార్లెస్ శవాన్ని అక్కడికే తెచ్చినప్పుడు, ప్రార్థన గ్రంథం చదవడానికి కోట గవర్నర్ ఒప్పుకోలేదు. బిషప్ జక్సన్ మంత్రం లేకుండానే రాజును సమాధి చేయవలసి వచ్చింది. డీన్ క్రిస్టఫర్ రెన్ మాత్రం దోపిడీలో పోయిన గార్టర్ దస్తావేజులను సొమ్ము ముట్టజెప్పి తిరిగి సంపాదించాడు. వాస్తుశిల్పి రెన్ ఆయన కుమారుడే.

1660లో రాజరికంతోపాటు సంఘమూ తిరిగొచ్చింది. 1840 చట్టం కేనన్ల సంఖ్యను 12 నుంచి 4కు కుదించింది. ఎస్. ఎల్. ఒల్లార్డ్ రాయగా 1950లో వెలువడిన గ్రంథం డీన్ల, కేనన్ల జీవితాలను వరుసగా నమోదు చేసింది. వికార్ల చరిత్రకూ అంతటి శ్రద్ధ దక్కాలి. అందుకు ముడిసరుకు విండ్సర్ భాండాగారంలోని మధ్యయుగపు జమాఖర్చుల చుట్టల్లో ఉంది.