విమానం భయమూ, ఇమామ్ జామినూ

2009 చివర్లో మొదటిసారి ఆన్‌సైట్‌కి డాలస్ బయల్దేరా. ముందురోజు హుస్సేనీ ఆలంలో ఉండే మిత్రుడి అమ్మగారు నా చేతికో గుడ్డముక్క కట్టారు. లోపల రూపాయి బిళ్ళ. "దిగాక ఎవరైనా పేదవాళ్ళకిచ్చెయ్ బేటా" అన్నారు. దీన్నే ఇమామ్ జామిన్ అంటారు, ఎనిమిదో ఇమాం రజా పేరుమీద ప్రయాణానికి పూచీ. మన కోర్టు "జామీను" కూడా ఆ మాటే!

అప్పట్లో మనవాళ్ళకి ఆకాశమంటే వణుకు పుట్టించినవి మూడు వార్తలు. 2002 మార్చి 3న బాలయోగి, 2004 ఏప్రిల్ 17న సౌందర్య, 2009 సెప్టెంబర్ 2న వైఎస్. రెండు హెలికాప్టర్లు, ఒక బుల్లి సెస్నా. టికెట్ కొని ఎక్కే పెద్ద విమానం ఒక్కటీ లేదు. ఈ లాజిక్ తెలిసీ, టేకాఫ్‌లో కళ్ళు మూసుకున్నా (నవ్వకండి).

పాతబస్తీకి అంత వెసులుబాటు లేదు. హజ్‌కి బొంబాయి ఓడలు 1995తో ఆగిపోయాయి. గల్ఫ్ కొలువులకీ విమానమే గతి. ఖాలా తన కొడుకుని ముందు బేగంపేటలో, 2008 మార్చి తర్వాత శంషాబాద్‌లో సాగనంపారు.

"కూలుతుందని భయం వెయ్యదా ఖాలా?" అని అడిగా.

"కూలడం సంగతి కాదు బేటా, ఎక్కితే రెండేళ్ళదాకా రాడు కదా!"

ఆ రూపాయి డాలస్‌లో ఎవరికివ్వాలో తెలీక చాన్నాళ్ళు డ్రాయర్లోనే ఉంచా.